మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కచోట చదవలేని పిల్లల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వం నడిపే నవోదయ హాస్టలు బడుల్లో ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు పిలిచారని మొన్న మీ పత్రిక బెంగళూరు ఎడిషన్లో నాలుగు లైన్ల వార్త వేశారు. ఆఖరు తేదీ ఉంది, వెబ్‌సైట్ పేరు ఉంది. ఎవరు రాయవచ్చో, ఎవరు రాయకూడదో మాత్రం లేదు. ఆ ఒక్క సంగతి సమయానికి తెలియక ఒక పిల్ల పరీక్ష హాలు దాకా కూడా పోలేకపోయింది. నా కళ్ల ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

నాది హిందూపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు పరీక్ష రాసి కొడిగెనహళ్లి గురుకులంలో సీటు తెచ్చుకున్నాను. మా ఊళ్లో అప్పటికి పదో తరగతి దాటినవాళ్లు ముగ్గురే. నా ఇనప ట్రంకు పెట్టె మీద మా నాయన తెల్ల రంగుతో నా పేరు రాయించి, బస్సు టాపు మీద తాడుతో కట్టి తీసుకుపోయిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ బడే లేకపోతే నేను వేరుశనక్కాయలు పీక్కుంటూ ఉండేవాణ్ణి. డిప్లొమా చదివి, బెంగళూరు పీణ్యాలో ఉద్యోగం చేసి, సూపర్వైజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారాలు చిక్కబాణావర వైపు అపార్ట్‌మెంట్లు కట్టేచోట రేకుల షెడ్లలో ఉండే మనవాళ్ల పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. మడకశిర, పెనుకొండ, కదిరి వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ.

రెండేళ్ల కిందట ఆ షెడ్లలోనే ఈ పిల్లను చూశాను. పేరు రాయను. వాళ్ల నాయన కమ్మీలు కడతాడు, అమ్మ ఇటుకలు మోస్తుంది. నవోదయ పరీక్షలో కాగితం మడిచి చిల్లి పెట్టే ప్రశ్న ఒకటి వస్తుంది. మడతలు విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో నాలుగు బొమ్మల్లో గుర్తుపట్టాలి. పెద్దవాళ్లం మనమే తడబడతాం. పలక మీద గీసి ఎంత చెప్పినా మిగతా పిల్లలకు ఎక్కడంలేదు. ఈ పిల్ల లేచిపోయి, సామాను కింద పరిచిన పాత దినపత్రిక ఒకటి చింపి తెచ్చింది. రెండు మడతలు పెట్టింది. వాళ్ల నాయన జేబులోంచి కమ్మీలు కట్టే సన్న తీగ ముక్క లాక్కుని, మూలకు కొంచెం ఇవతలగా పొడిచింది. విప్పకముందే "నాలుగు పడతాయి తాతా, రెండు పైన, రెండు కింద" అంది. విప్పి మిగతా పిల్లలకు చూపించింది. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల రాస్తే సీటు వస్తుందని.

తెలియనివాళ్ల కోసం పరీక్ష ఎట్లా ఉంటుందో చెబుతాను. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తి ప్రశ్నలే 40, వాటికి 50 మార్కులు. లెక్కలు 20, భాష 20. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్దాలి, పెన్సిల్ పనికిరాదు, బాల్‌పెన్నే. ఒక్కో బడిలో మహా అయితే 80 సీట్లు. జిల్లా మొత్తం పిల్లలు వాటి కోసమే రాస్తారు. మూడో వంతు ఆడపిల్లలకు, కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. తిండి, బట్టలు, పుస్తకాలు, హాస్టలు అన్నీ ఉచితం. షెడ్లలో ఈ మాట చెబితే చాలామంది మొదట నమ్మలేదు.

ఆ పిల్ల వరుసగా ఆరు ఆదివారాలు కూర్చుంది. పాత క్యాలెండరు కాగితాల వెనక నేను గుండ్రాలు గీసి ఇస్తే, గీత బయటికి ఇంకు పోకుండా దిద్దడం నేర్చుకుంది. అప్పుడు దరఖాస్తు పెడదామని కాగితాలు అడిగాను. అసలు విషయం అప్పుడు బయటపడింది.

మూడో తరగతి ఊళ్లో చదివింది. నాలుగు సగంలో వేరుశనగ పోయి, దసరా దాటాక కుటుంబమంతా బెంగళూరు వచ్చేసింది. ఆ నాలుగైదు నెలలు ఇక్కడ కన్నడ బడి. ఉగాదికి ఊరు పోయినప్పుడు "చదువు పాడవుతాంది" అని అవ్వ దగ్గర వదిలిపెట్టి వచ్చారు. ఐదో తరగతి ఊళ్లోనే మొదలైంది. శ్రావణంలో అవ్వ కాలు జారి పడి తుంటి ఎముక విరిగింది. చూసుకునేవాళ్లు లేక పిల్లను మళ్లీ ఇక్కడికి తెచ్చారు.

నవోదయ నిబంధన ఏమిటంటే, ఏ జిల్లా బడికి రాస్తారో ఆ జిల్లాలోనే ఐదో తరగతి ఏడాదంతా చదవాలి, అక్కడే నివాసం ఉండాలి. ఆధార్ కార్డు ఊరిది, రేషన్ కార్డు ఊరిది, బడి మాత్రం బెంగళూరులో. లేపాక్షిలో ఉన్న మా జిల్లా నవోదయకు రాయాలంటే పిల్ల ఆ జిల్లా బడిలో లేదు. బెంగళూరులో రాయాలంటే ఏడాదంతా ఇక్కడ చదవలేదు, షెడ్డుకు నివాస రుజువు ఎవరిస్తారు? రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆ పిల్ల బతుకు. ఇక్కడి హెడ్‌మాస్టరు "మధ్యలో చేరిన పిల్లకు ఏడాదంతా చదివిందని సంతకం ఎలా పెట్టను?" అన్నారు. ఊరి హెడ్‌మాస్టరు "పేరు తీసేశాం కదా" అన్నారు. ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. వాళ్లను నేను తప్పుపట్టను.

ఒకవేళ దరఖాస్తు పెట్టగలిగినా ఇంకో చిక్కుంది. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా పల్లెటూరి బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం పిల్ల కిందే లెక్క. కన్నడ బడిలో కూర్చున్న ఆ నాలుగైదు నెలలతో ఈ పిల్ల పట్నం పిల్ల అయిపోయింది. రేకుల షెడ్డులో, ట్యాంకరు నీళ్లకు బిందె పట్టుకుని నిలబడే పిల్ల, స్కూలు బస్సు ఎక్కే బెంగళూరు పిల్లలతో మిగిలిన ఆ కొద్ది సీట్లకు పోటీ పడాలి.

మూడు వేల రూపాయలిస్తే స్టడీ సర్టిఫికెట్ తెప్పిస్తానని షెడ్లలో ఒకతను వాళ్ల నాయనకు ఆశ పెట్టాడు. ఆయన నా దగ్గరికి వచ్చి, "అన్నా, బిడ్డ కోసం అప్పు జేసైనా ఇస్తా, ఇయ్యమంటావా?" అని అడిగాడు. నా గొంతులో మాట రాలేదు. వద్దనే చెప్పాను. పరీక్షలో పాసైనా కాగితాల తనిఖీలో దొంగ సర్టిఫికెట్ బయటపడితే సీటు పోతుంది, పిల్ల మీద మచ్చ మిగులుతుంది. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పరీక్షకు రెండో అవకాశం లేదు. ఐదో తరగతి చదివే ఏడాదే రాయాలి. అది దాటితే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఈ బడులు ఎవరి కోసం పుట్టాయో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం పెట్టారు. తర్వాత కోస్తాకు తాడికొండ, మా రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. ఆయనే కేంద్రంలో విద్యను చూసే మంత్రి అయ్యాక, 1986 విద్యావిధానంతో ఆ ఆలోచనే దేశమంతటికీ నవోదయ అయింది. ఇప్పుడు 650కి పైగా బడులున్నాయి. పల్లెలో తెలివి ఉండి డబ్బు లేని పిల్లకు మంచి బడి అందాలన్నదే కదా వాటి ఉద్దేశం! అప్పుడు పల్లె పిల్లలు పల్లెలోనే ఉండేవాళ్లు. ఇప్పుడు వాన మొహం చాటేస్తే మా వైపు ఊళ్లకు ఊళ్లే బెంగళూరు యశ్వంతపుర స్టేషన్లో దిగుతున్నాయి. పిల్లలు మారలేదు, వాళ్లుండే చోటు మారింది. నిబంధన మాత్రం అక్కడే ఉంది.

2009 విద్యాహక్కు చట్టం ఈ సంగతి గుర్తించింది. ఏ కారణంతోనైనా పిల్ల బడి మారాల్సివస్తే, వేరే రాష్ట్రానికైనా సరే, పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలంటుంది. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదంటుంది. ఐదో క్లాసులో చేర్చుకోవడానికి అడ్డురాని వలస, ఆరో క్లాసు పరీక్ష రాయడానికి ఎందుకు అడ్డు రావాలి? నవోదయలోనే తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరిని ఏడాదిపాటు వేరే భాషా రాష్ట్రానికి పంపుతారు. తెలుగు పిల్లలు హిందీ రాష్ట్రానికి పోతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. చాలా మంచి పని. చోటు మారినా చదువు ఆగకూడదని నమ్మే బడి, కూలి కోసం చోటు మారిన ఇంటి పిల్లను కూడా తనదనుకోవాలని నా మనవి.

నిబంధన సడలిస్తే దుర్వినియోగం అవుతుందని కొందరు అంటారు. నిజమే, ఆ భయం నాకూ ఉంది. ఊళ్లో తాతల ఇల్లు ఉంది కదా అని వైట్‌ఫీల్డులో ఫ్లాటు ఉన్నవాళ్లు కూడా పల్లె కోటా అడుగుతారు. అందుకే అందరికీ సడలించమనడంలేదు. భవన నిర్మాణ కార్మికులకు సంక్షేమ బోర్డు కార్డు ఇస్తారు. తల్లికో తండ్రికో ఆ కార్డు, సొంత జిల్లా రేషన్ కార్డు రెండూ ఉంటే, ఆ పిల్ల ఎక్కడ చదువుతున్నా సొంత జిల్లా నుంచి రాయనివ్వండి. షెడ్డులో ఉంటూ ఇక్కడి బడిలో గడిపిన నెలలను పట్నం కింద లెక్క కట్టకండి. ఆ కార్డు మన మేస్త్రీలు చాలామంది తీయించుకోలేదు, అది వేరే బాధ. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

మీకూ ఒక మనవి. ఈ వార్త ఆఖరు వారంలో వేస్తే మావాళ్లకు అందదు. ఉగాదికి అందరూ ఊళ్లకు పోతారు. పిల్లను అక్కడ ఉంచాలా, వెంట తేవాలా అన్నది అప్పుడే తేల్చుకుంటారు. ఆ వారం మొదటి పేజీలో కాకపోయినా మంచిచోట, పెద్ద అక్షరాల్లో వేయండి: మీ బిడ్డ మూడో తరగతికి వచ్చిందా, ఐదు అయ్యేదాకా బడి ఊరు మార్చకండి, తప్పక మార్చాల్సివస్తే ఏడాది మధ్యలో మాత్రం మార్చకండి, అని.

ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. అవ్వ కర్ర పట్టుకుని నడుస్తోంది కాబట్టి ఊళ్లోనే ఉంచారు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే వాటికి నవోదయ మళ్లీ పరీక్ష పెడుతుంది. ఎనిమిదో తరగతి ఏడాదంతా అదే జిల్లాలో చదివి ఉండాలి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషుతోపాటు హిందీ కూడా ఉంటుంది, పదిహేను మార్కులకు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "తాతా, హిందీ వ్యాసాల పుస్తకం ఒకటి పంపిస్తావా?" అని అడిగింది. మెజెస్టిక్‌లో కొని, శనివారం ఊరికి పోయే వాళ్ల నాయన చేతికిచ్చాను.

ఇట్లు,
ఒక పాత గురుకుల విద్యార్థి,
టి. దాసరహళ్లి, బెంగళూరు