క్యారేజీలో కూర మానవద్దు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళల మార్పు వేరే కాగితంలో ఇచ్చాం. ఈ నెల ఉత్తరం మొత్తం పిల్లల తిండి గురించే.

కార్తిక వనభోజనాల రోజున జరిగిన ఒక చిన్న సంగతి నా మనసులోంచి పోవడం లేదు. రెండో తరగతి పిల్లలు ఉసిరి చెట్టు కింద వరసగా కూర్చుని క్యారేజీలు విప్పారు. ఒక అబ్బాయి తన వంకాయ కూర పక్కనున్న పాపకు పెట్టబోయాడు. ఆ పాప కంచం వెనక్కి లాక్కుని, "వద్దు, అందులో పురుగుల మందు ఉంటుందని మా అమ్మ చెప్పింది" అంది. పాప మాటలో చెడ్డతనం లేదు. ఇంట్లో విన్నది విన్నట్టు చెప్పింది. అబ్బాయి మాత్రం గిన్నెకు మూత పెట్టేసి, మిగిలిన అన్నం ఉత్త పెరుగుతో తిన్నాడు. ఆ వంకాయలు వాళ్ల నాన్న కృష్ణ ఒడ్డున లంక పొలంలో, కౌలు భూమిలో పండించినవి.

రెండు ఇళ్లవారితోనూ మాట్లాడాను. వాళ్ల అనుమతితోనే, పేర్లు లేకుండా, ఇది రాస్తున్నాను. పాప తల్లి మాటలు విన్నాక నాకు ఆమె మీద గౌరవం పెరిగింది, దిగులూ పెరిగింది. ఇదివరకు వారానికోసారి సేంద్రియ కూరగాయలు తెప్పించుకునేవారు. ఖర్చు భరించలేక రెండు నెలల క్రితం మానేశారు. మామూలు కూరగాయలు పెట్టడానికి మనసు ఒప్పక పప్పన్నం, పెరుగన్నం, అప్పుడప్పుడు అప్పడంతో సరిపెడుతున్నారు. బిడ్డ ఒంట్లోకి విషం పోకూడదన్న ప్రేమే ఇంత పని చేసింది. రెండు నెలలుగా ఆ పాప ఆకుకూర ఎరగదు, పండు ఎరగదు.

ఇలాంటి ఇళ్లు మరికొన్ని ఉన్నాయని టీచర్లు చెబుతున్నారు. అందుకే నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. సేంద్రియ కూరగాయలు దొరికి, కొనే శక్తి ఉంటే కొనండి. లేకపోతే రైతుబజారులో దొరికే మామూలు కూరగాయలే బాగా కడిగి వండి పెట్టండి. కూర లేని క్యారేజీ మాత్రం బడికి పంపవద్దు.

మీ భయానికి కారణం లేదని నేను అనను. పిల్లలు తమ బరువును బట్టి చూస్తే పెద్దల కంటే ఎక్కువ తింటారు. వాళ్ల మెదడు, అవయవాలు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. అందుకే అమెరికాలో 1996లో వచ్చిన చట్టం పురుగుమందుల అవశేషాలకు హద్దులు పెట్టేటప్పుడు పిల్లల కోసం సాధారణంగా అదనంగా పది రెట్ల జాగ్రత్త తీసుకోవాలని చెప్పింది. 2006లో వెలువడిన ఒక పరిశోధన కూడా చెప్పుకోవాలి. అక్కడి సియాటిల్ ప్రాంతంలో 23 మంది బడి పిల్లలకు ఐదు రోజులపాటు రోజూ తినేవాటి బదులు సేంద్రియ పదార్థాలు పెట్టి మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోరోపైరిఫాస్ ఆనవాళ్లు వెంటనే కనబడనంతగా తగ్గాయి, పాత తిండికి రాగానే మళ్లీ కనబడ్డాయి. ఈ రెండు మందుల పేర్లూ మన రైతులకు కొత్తవి కావు.

తిండి మార్చితే ఒంట్లోకి వెళ్లే మందు తగ్గుతుందని ఆ పరిశోధన తేల్చింది. ఆ కొద్ది మోతాదుతో ఆ పిల్లలకు జబ్బు చేసిందని మాత్రం అది చెప్పలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే దారిలో ఉంది. సేంద్రియ పంటల్లో మందుల అవశేషాలు తక్కువే, పోషకాల్లో మాత్రం పిల్లల ఆరోగ్యానికి లెక్కకు వచ్చేంత తేడా లేదు, ఎలా పండించినవైనా పిల్లలు పండ్లు, కూరగాయలు బాగా తినడమే ముఖ్యం అని అందులో ఉంది.

మన దేశం సంగతికి వస్తే, 2014-15లో కేంద్ర వ్యవసాయ శాఖ పథకం కింద కూరగాయలు, పండ్లు, పాలు, మసాలా దినుసుల వంటివి 20,618 నమూనాలు పరీక్షించారు. వాటిలో 18.7 శాతంలో మందుల అవశేషాలు కనిపించాయి. అనుమతించిన హద్దు దాటినవి 2.6 శాతం. నా దృష్టిలో అది చిన్న సంఖ్య కాదు. పసిపిల్లల తిండిలో హద్దు దాటింది ఒక్కటి ఉన్నా తప్పే. కానీ దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలోనూ అది అరవై శాతం పైమాటే. రెండో పీరియడ్‌కే తల వాల్చేసే పిల్లలను నేను ప్రతి తరగతిలోనూ చూస్తున్నాను. వాళ్లకు కావలసింది తోటకూర, గోంగూర, మునగాకు, గుడ్డు, పప్పు మీద పిండిన నిమ్మకాయ, మధ్యాహ్నం ఒక జామకాయ. ఇవి పెట్టకపోతే వచ్చే నష్టం మన కళ్ల ముందే ఉంది.

సేంద్రియానికి ఉన్న కొద్ది డబ్బు దేని మీద పెట్టాలని చాలామంది అడిగారు. తొక్కతో తినేవాటి మీద, ఆకుల మీద పెట్టండి. ద్రాక్ష, టమాటా, బెండ, వంగ, కాలీఫ్లవర్, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు మొదట వస్తాయి. అరటిపండు, బత్తాయి, దానిమ్మ, కొబ్బరి, గుమ్మడి, కంద వంటివి తొక్క తీసి తింటాం కాబట్టి వీటికి రెట్టింపు ధర పెట్టనక్కర లేదు. కరివేపాకు అసలు కొనవద్దనే చెబుతాను. తొట్టిలో ఒక మొక్క నాటితే ఇంటికి చాలు. మెంతికూర అయితే పోపుల డబ్బాలో మెంతులే విత్తనాలు. రెండు మూడు వారాల్లో కోతకు వస్తుంది, పైగా తాము నీళ్లు పోసిన ఆకును పిల్లలు మారాం చేయకుండా తింటారు. కాలం కాని కాలంలో వచ్చే కూరగాయలకు తొందరపడకండి. కాలీఫ్లవర్ చలికాలంలోనే కొనండి.

కడగడం గురించి కూడా ఒక మాట. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగితే పైనున్న మందు చాలావరకు పోతుంది. లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున ఉప్పు వేసి కొంతసేపు నానబెట్టి, మళ్లీ మంచినీళ్లతో కడిగితే ఇంకా మంచిది. క్యాబేజీ పై ఆకులు తీసేయండి. సబ్బు, డిటర్జెంట్ వాడకండి. మొక్క లోపలికి ఇంకిపోయే మందులు మాత్రం కడిగినా పోవు. సేంద్రియ ఆకుకూరనూ ఇంతే శ్రద్ధగా కడగాలి. పేడ ఎరువు వేసిన మట్టిలో పెరిగింది కదా.

ఆర్గానిక్ అన్న మాటను నమ్మి మోసపోయే చోట్లూ ఉన్నాయి. ఆర్గానిక్ బిస్కట్లలోనూ చక్కెర చక్కెరే. ఆర్గానిక్ బెల్లంతో చేసిన చాక్లెట్ పంటికి చేసే హాని తక్కువేమీ కాదు. వేరుశనగ ఏ పొలంలో పండినా బూజు పట్టిందో, చేదుగా ఉందో పారేయండి, అందులో చేరే శిలీంధ్ర విషం కాలేయానికి చేటు. ఇంట్లో ఏడాది నిండని పాపాయి ఉంటే ఎంత స్వచ్ఛమైన అడవి తేనె అయినా నాకించకండి. ప్యాకెట్ మీద 'జైవిక్ భారత్' గుర్తు ఉందో లేదో చూడండి. సేంద్రియ ఆహారానికి దేశ ఆహార భద్రతా సంస్థ 2017 నిబంధనలతో వచ్చిన గుర్తు అది. రైతులే ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చే ధ్రువీకరణ పీజీఎస్. 'పీజీఎస్ గ్రీన్' అని ఉంటే ఆ పొలం ఇంకా సేంద్రియానికి మారే దశలో ఉందని అర్థం. నేరుగా అమ్ముకునే చిన్న రైతులకు ధ్రువీకరణ తప్పనిసరి కాదు. కాబట్టి గుర్తు లేని ప్రతివారూ అబద్ధం చెబుతున్నారనుకోకండి. ఏ ఊరు, పురుగు వస్తే ఏం చేస్తారు, విత్తే ముందు విత్తనానికి ఏం పట్టిస్తారు అని అడగండి. నిజంగా చేసేవారు విత్తనానికి పట్టించే బీజామృతం, నేలకు వేసే జీవామృతం, పురుగుకు కొట్టే వేప ద్రావణం నీమాస్త్రం గురించి తడుముకోకుండా చెబుతారు. 2016 నుంచి మన రాష్ట్రంలో రసాయనాలు వాడని ప్రకృతి వ్యవసాయాన్ని నడుపుతున్న రైతు సాధికార సంస్థ కార్యాలయం పక్కనే గుంటూరులో ఉంది. ఆ పనికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ అంతర్జాతీయ పురస్కారంలో భాగం దక్కింది. మనకు ఇంత దగ్గరలో ఉన్న రైతులను వదిలి ఎక్కడినుంచో వచ్చే ఖరీదైన ప్యాకెట్ల కోసం చూడడం నాకు నచ్చదు.

ఆ అబ్బాయి తండ్రి చెప్పినది కూడా మీరు వినాలి. "మందు కొట్టేది నేను, ముందు పీల్చేదీ నేనే. కొట్టిన రోజు రాత్రి తల తిరుగుతుంది, అన్నం సయించదు. మానాలని ఉంది, కానీ కౌలు ఏడాదికోసారి మారుతుంది. ఈ ఏడు నేలను బాగుచేస్తే వచ్చే ఏడు ఆ పొలం నాకు ఉంటుందో లేదో" అన్నారు. మందు కొట్టాక డబ్బా మీద రాసిన రోజులు ఆగి గానీ కాయ కోయరట. మన పిల్లల కంచంలోకి వచ్చే మందు గురించి ఇంత మాట్లాడుకునే మనం, ఆయన ఊపిరిలోకి వెళ్లే మందు గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నామా? ప్రకృతి వ్యవసాయపు పంటకు కాస్త ఎక్కువ ధర ఇవ్వగలిగిన వారు ఇవ్వడం అవసరమని నేను నమ్మేది ఎక్కువగా ఈ కారణంతోనే.

బడి తరఫున తీసుకున్న నిర్ణయాలు ఇవి. బడి ఫలహారం మొత్తం సేంద్రియం చేసి ఫీజు పెంచమని కొందరు కోరారు. ఫీజు పెంచడం లేదు. వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు నర్సరీ నుంచి రెండో తరగతి వరకు పెట్టే ఆకుకూర మాత్రం ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల దగ్గర కొంటాం. మిగతావి ఎప్పటిలాగే రైతుబజారు నుంచి వస్తాయి. ఎవరి క్యారేజీలో ఏముందో చూసి పిల్లలు మంచి తిండి, చెడ్డ తిండి అని విడదీయకుండా టీచర్లు గమనిస్తారు. దయచేసి మీరూ పిల్లల ముందు ఆ మాటలు అనకండి.

వచ్చే శనివారం ఉదయం ఆ తండ్రి బడికి వస్తున్నారు. మందు డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులకు అర్థం ఏమిటో, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో పిల్లలకు బొమ్మలు చూపి చెబుతారు. తల్లిదండ్రులూ రావచ్చు. ఆ పాప తల్లి వస్తానన్నారు. ఆ రోజు క్యారేజీలో అన్నం, పెరుగు మాత్రమే పెట్టి పంపండి. వంకాయ కూర బడిలో వండుతాం.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ