ఉష్ణదేశాల వలసకు కారణం అమెరికా వీసా కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. హెచ్‌-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేసినప్పటి నుంచి మన పత్రికల్లో ఒక వాదన తరచుగా కనిపిస్తోంది. అమెరికా దారి ఇరుకైపోయింది కాబట్టి మన పిల్లలు ఇక మలేషియా, ఫిలిప్పీన్స్, టాంజానియా వంటి ఉష్ణమండల దేశాలతో సరిపెట్టుకుంటున్నారన్నది ఆ వాదన సారాంశం. ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఇదే ధోరణిలో సాగింది. గుంటూరులో చాలాకాలం చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ వాదన తలకిందులుగా కనిపిస్తోంది. తెలుగువాడు ఉష్ణదేశాలకు ఓడెక్కి వెళ్లడం మొదలుపెట్టేనాటికి అతనికి అమెరికా పేరు కూడా తెలియదు. ఆ వలసకు దాని కారణాలు దానికున్నాయి. వాటిని గుర్తించకపోతే వెళ్లేవారికి ఏ సమాచారం అవసరమో, ఏ రక్షణ అవసరమో కూడా మనకు తెలియకుండా పోతుంది.

ఉష్ణదేశానికి ఎందుకు వెళ్తారన్న ప్రశ్నకు పాశ్చాత్యులు చెప్పుకునే జవాబులు వేరు. మంచు కురిసే ఊళ్లలో పుట్టి పెరిగి, ఉద్యోగ విరమణ చేసిన దంపతులకు థాయిలాండ్ ఎండ ఒక వరం. సొంత ఊళ్లో ఇంటి అద్దెకు, ఖర్చులకు బొటాబొటిగా సరిపోయే పింఛనుతో అక్కడ దర్జాగా బతకవచ్చు. యాభై ఏళ్లు నిండి, బ్యాంకులో 8 లక్షల బాట్లు చూపగలిగిన విదేశీయులకు ఆ దేశం విశ్రాంత జీవితం కోసమే వీసా ఇస్తోంది. ఈ కారణాలను తెచ్చి మనవాళ్లకు తగిలిస్తే అతకవు. గుంటూరు, విజయవాడ నగరాలు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16 డిగ్రీల వద్ద ఉన్నాయి. అంటే మనం పుట్టిందే ఉష్ణమండలంలో. రెంటచింతల వేసవి చూసినవాడికి కౌలాలంపూర్ ఎండ ఒక లెక్క కాదు. సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న నైరోబీకి జూన్, జులై నెలల్లో వెళ్లే బెజవాడవాసి అయితే స్వెట్టరు వెంట తీసుకుపోవడం మంచిది. వాతావరణం మనవాళ్లను అక్కడికి పిలవదు గాని, అక్కడ వారు చేయగల పనిని మాత్రం అదే నిర్ణయిస్తుంది. వరి, చెరకు, కొబ్బరి, పత్తి తెలిసిన చేతికి ఆ పంటలు పండే నేల మీదే విలువ ఉంటుంది.

ఈ కథ ఎక్కడ మొదలైందో చూస్తే కారణాలు మరింత స్పష్టమవుతాయి. బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసిన 1833వ సంవత్సరం, గుంటూరు జిల్లాను డొక్కల కరువు ఊడ్చిపెట్టిన సంవత్సరం ఒకటే. అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది దాకా ఆ కరువులో పోయారని చెబుతారు. అటు మారిషస్ చెరకు తోటల యజమానులకు బానిసలు లేకుండా పోయే రోజు దగ్గరపడింది; ఇటు తిండి లేని జనం తీరం వెంట ఉన్నారు. 1834 నవంబరులో తొలి ఒప్పంద కూలీలు కలకత్తా నుంచి మారిషస్ చేరారు. 1840ల్లో కోరంగి రేవు నుంచి తెలుగువారూ ఆ దీవికి వెళ్లారు. కూలీలు దిగిన పోర్ట్ లూయిస్ రేవు మెట్లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఉగాది నాడు ఆ దేశంలో నేటికీ ప్రభుత్వ సెలవు. ఆ వెళ్లినవారిని ఉష్ణదేశపు అందం ఆకర్షించిందని ఎవరైనా రాస్తే నవ్వు వస్తుంది. చెరకు, రబ్బరు, కొబ్బరి ఐరోపాలో పండవు కాబట్టి తోటలు ఉష్ణదేశాల్లో వెలిశాయి; తోటలు ఉన్నచోటికి కూలీలు చేరారు.

అయితే కరువు ఒక్కటే కారణమైతే కృష్ణా డెల్టా కథ అక్కడితో ముగియాలి. బెజవాడ వద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువల్లో నీళ్లు పారిన తర్వాత సముద్రం దాటే కూలీలు మన వైపు నుంచి కాక, ఎక్కువగా గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్లారు. రంగూన్ రేవులో బరువులు మోసినవారు, అక్కడి బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు వారే. 1930లో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నవారిలోనూ, 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక కాలినడకన స్వదేశం దారి పట్టినవారిలోనూ వారు ఎందరో ఉన్నారు. మరి డెల్టావాళ్లు కదలలేదా అంటే కదిలారు, కానీ మరో కారణంతో. నీళ్లు వచ్చిన రెండు మూడు తరాలకు ఇక్కడ భూమి ధర పెరిగింది, కుటుంబానికి వచ్చే వాటా తగ్గింది, చేతిలో కొంత మిగులు చేరింది. ఎకరం అమ్మితే మరోచోట అయిదారు ఎకరాలు వస్తాయన్న లెక్క రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక బోధన్ వైపు, తుంగభద్ర నీళ్లు 1953 తర్వాత పారాక గంగావతి, సింధనూరు వైపు మనవాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లారు. అక్కడి ‘ఆంధ్రా క్యాంపు’లను ఒకసారి చూసి వస్తే, నేడు ఆఫ్రికాలో పొలం కౌలుకు తీసుకునేందుకు వెళ్లే రైతు మనసు సులభంగా అర్థమవుతుంది. కరువు తరిమితే వెళ్లడం ఒక రకం, మిగులు కదిలిస్తే వెళ్లడం మరో రకం. మన ప్రభుత్వాలు వలస అనగానే మొదటి రకాన్నే ఊహించుకుంటాయి.

రెండో రకం వలసలో ఉన్న చిక్కు భూమి హక్కు దగ్గర బయటపడుతుంది. గంగావతిలో కొన్న పొలం పట్టా కొడుకు పేరున మారుతుంది. కెన్యాలో అలా కుదరదు. 2010 నాటి రాజ్యాంగం ప్రకారం విదేశీయుడికి 99 ఏళ్లకు మించని కౌలు మాత్రమే దక్కుతుంది. ఘనాలో ఆ పరిమితి 50 ఏళ్లు. ఇథియోపియాలో భూమి ప్రైవేటు ఆస్తి కానే కాదు. చదవడానికి ఇవి పొడిపొడి నిబంధనల్లా ఉంటాయి. ఫిజీ అనుభవం తెలిసినవారికి మాత్రం అలా అనిపించవు. దక్షిణ భారతం నుంచి 1903 మొదలు ఫిజీ చెరకు తోటలకు వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. ఒప్పందాలు ముగిశాక వారు కౌలు రైతులయ్యారు, ఇళ్లు కట్టుకున్నారు, బడులూ గుడులూ కట్టారు. కాని అక్కడి నేలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ దేశపు మూలవాసుల సామూహిక ఆస్తి. 1976 సాగుభూముల కౌలు చట్టం కింద ఉన్న కౌళ్లు 1997 నుంచి వరుసగా గడువు తీరడం మొదలయ్యాక, తరతరాలుగా సాగుచేసిన పొలాలను వదిలి వేలాది కుటుంబాలు పట్టణాల అంచులకు చేరాయి. ఇందులో మూలవాసులది తప్పని నేను అనను. తమ నేల తమదనుకోవడం సహజమే. అయితే అక్కడికి బయలుదేరే మన రైతుకు ఈ సంగతి ముందే చెప్పేవారు ఎవరు?

ఎవరు చెబుతారన్న ఈ ప్రశ్నే వలస కారణాల్లో అన్నిటికంటే బలమైన దాని దగ్గరికి తీసుకువస్తుంది. మనిషి జీతం చూసి దేశాన్ని ఎంచుకుంటాడని ఆర్థికశాస్త్రం చెబుతుంది గాని, నేను చూసినంతలో మనవాళ్లు ముందు మనిషిని చూసి తర్వాత దేశాన్ని ఎంచుకుంటారు. బావమరిది టాంజానియాలోని దారెస్సలాంలో ఉంటే దారెస్సలాం, పక్కింటి వారి అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో ఉంటే దావావ్. మలయాలో రబ్బరు తోటల యజమానులు ఈ కిటుకును ఎప్పుడో కనిపెట్టారు. తోటలో పనిచేసే కంగాణీకి, అంటే కూలీల మేస్త్రీకి, అడ్వాన్సు ఇచ్చి సొంత ఊరికి పంపేవారు. అతను తన కులంలో, తన చుట్టాల్లో మనుషులను పోగుచేసి ఓడెక్కించేవాడు. 1938లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా ఆ పద్ధతి నడిచింది. ఇప్పుడు కంగాణీ లేడు గాని ఆయన చేసిన పని ఉంది. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ, బెంజి సర్కిల్ చుట్టుపక్కలా బోర్డులు పెట్టుకున్న కన్సల్టెన్సీలు కొన్ని ఆ పనే చేస్తున్నాయి. జూనియర్‌ను చేర్పించి కమిషన్ తీసుకునే సీనియర్లూ ఉన్నారు. తెలిసినవాడు చెప్పాడన్న నమ్మకం వలసకు ఎంత బలమో అంత బలహీనత కూడా.

ఫిలిప్పీన్స్ వైద్య విద్యను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2024లో నీట్‌కు 24 లక్షల మందికి పైగా నమోదు చేసుకోగా దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మన రాష్ట్రంలో యాజమాన్య కోటా సీటుకు ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటుతుంది; ఎన్నారై కోటా ఊసెత్తకపోవడమే మేలు. ఇలాంటి స్థితిలో మధ్యతరగతి తండ్రి ఫిలిప్పీన్స్ వైపు చూడడంలో వింత లేదు. పాఠం ఇంగ్లిషులో, మూడు పూటలా అన్నం తినే జనం, డెంగీ, క్షయ వంటి మన జబ్బులే కనిపించే ఆసుపత్రులు. రష్యా చలితో, అక్కడి భాషతో పోల్చుకుంటే ఇవన్నీ నిజమైన సౌకర్యాలే. 2022లో ఉక్రెయిన్ నుంచి పిల్లలు ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చాక ఆ మొగ్గు ఇంకా పెరిగింది. ఇంతవరకు కన్సల్టెన్సీలవాళ్లు కూడా చెబుతారు. చెప్పనివి వేరే ఉన్నాయి. పాఠం ఇంగ్లిషైనా రోగి ఇంగ్లిషు మాట్లాడడు. దావావ్ ఆసుపత్రి వార్డులో అక్కడి జనం మాట్లాడే సెబువానో భాష రాకపోతే జ్వరం ఎప్పటి నుంచి ఉందో కూడా అడగలేరు. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. అంతేకాదు, చదివిన దేశంలో వైద్యం చేసే అర్హత కూడా రావాలి. అక్కడ వైద్య కోర్సుకు ముందు చదివే బీఎస్ డిగ్రీ ఈ 54 నెలల లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్న ఎన్నో కుటుంబాలకు నిద్ర లేకుండా చేసింది. తిరిగి వచ్చాక రాయాల్సిన పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. అందులో తప్పేవారే ఎక్కువ. నేను ఫిలిప్పీన్స్ వద్దనడం లేదు. వెళ్లే కారణం సరైనదే, దానికి జత చేసిన సమాచారమే సగం.

సింగపూర్ సంగతి దీనికి భిన్నం. అక్కడికి వెళ్లే ఐటీ ఉద్యోగులు సమాచారం ఉన్నవారే. జీతం అమెరికాతో పోటీ పడకపోయినా, తల్లికి బాగోలేదని ఫోను వస్తే తెల్లారేసరికి ఇంటి గుమ్మంలో ఉండవచ్చన్నది ఆ ఎంపికలో పైకి చెప్పని పెద్ద కారణం. గన్నవరం నుంచి అక్కడికి 2018 డిసెంబరులో నేరుగా విమానం మొదలైనప్పుడు విజయవాడలో తల్లిదండ్రులు పడిన సంబరం ఉత్తుత్తిది కాదు.

నా ఆందోళన అంతా ఇంకో రకం వలస గురించి. డిగ్రీ పూర్తిచేసి, కోచింగుల్లో కొన్నేళ్లు గడిపి, ఇంట్లో ముఖం చూపించలేక, కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఏ దేశంలోనైనా సరేనని బయలుదేరేవారు వీరు. డేటా ఎంట్రీ పని అని నమ్మించి కంబోడియా తీసుకువెళ్లి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మయన్మార్ సరిహద్దులోని అలాంటి శిబిరాల నుంచి బయటపడిన 283 మంది భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానంలో థాయిలాండ్ మీదుగా తీసుకురావలసి వచ్చింది. వీరిని దురాశాపరులని తేలిగ్గా అనేస్తున్నారు. ఇక్కడ దొరకని గౌరవమైన ఉద్యోగం అక్కడ దొరుకుతుందనుకోవడం దురాశ ఎలా అవుతుందో నాకు బోధపడదు.

ఈ పిల్లలకు చట్టం అండ ఎందుకు లేకపోయిందో కూడా చూడాలి. 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి అవసరమైన దేశాలు 18. వాటిలో మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా ఉన్నాయి గాని కంబోడియా లేదు, మయన్మార్ లేదు. పైగా పదో తరగతి పాసైనవారికి ఆ అనుమతి అవసరమే ఉండదు. కూలికి వెళ్లే నిరక్షరాస్యుడిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ చట్టం, ఇంజినీరింగ్ చదివి మోసపోయేవాడిని ఊహించలేదు. దీనికితోడు థాయిలాండ్, మలేషియా 2023 చివరిలో మనవారికి వీసా లేకుండా ప్రవేశం ఇవ్వడం మొదలుపెట్టాయి. పర్యాటకులకు అది మంచిదే. ఉద్యోగానికని బయలుదేరినవాడి చేతిలో పని చేసుకునే అనుమతి పత్రం ఏదీ లేదన్న సంగతి మాత్రం విమానం దిగేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాత పాస్‌పోర్టు ఏజెంటు చేతిలోకి పోతుంది.

ప్రభుత్వానికి నేను చేసే విన్నపం చిన్నదే. తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థ ఆపదలో ఉన్నవారికి చేస్తున్న సాయం మెచ్చుకోదగినది. ఆ సాయం ప్రయాణానికి ముందు కూడా అందాలి. ఏ దేశంలో భూమి హక్కు ఎలా ఉంటుంది, ఏ వైద్య డిగ్రీ ఇక్కడ చెల్లుతుంది, ఏ ఉద్యోగానికి ఏ వీసా ఉండాలి అన్న వివరాలతో తెలుగులో దేశానికొక చిన్న పుస్తకం వేసి, ప్రతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో, జూనియర్ కళాశాలలో ఉంచవచ్చు.

మీకు చేసే విన్నపం మరొకటి, దాన్ని మీరు మన్నిస్తారనే నా నమ్మకం. వలసల మీద వ్యాసాలు వచ్చే ఇవే పేజీలకు రెండు పేజీల అవతల, విదేశాల్లో ఉద్యోగాలంటూ ఫోను నంబరు తప్ప చిరునామా లేని వర్గీకృత ప్రకటనలు కనిపిస్తున్నాయి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చుకునే ఏజెంట్లు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలి. నమోదైనవారి జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో ఉంది. ప్రకటన తీసుకునే ముందు ఆ నమోదు సంఖ్య అడిగి, ప్రకటనతోపాటే దాన్ని అచ్చువేయవలసిందిగా, సంఖ్య లేని ప్రకటనలను తిరస్కరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు