కెన్నెడీ హత్య చర్చ గురించి ఒక మాట

అందరికీ నమస్తే. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య ఒక్కడి పనా, వెనక కుట్ర ఉందా అని రాత్రి నుంచి ఇక్కడ వాదన నడుస్తోంది కదా, అన్నీ చదివాకే ఇది రాస్తున్నాను. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో జరిగిన ఆ హత్య, అప్పుడు పట్టుబడ్డ లీ హార్వే ఆస్వాల్డ్ ఒక్కడి పనేనని 1964లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వారెన్ కమిషన్ తేల్చింది, 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ మాత్రం కుట్ర జరిగి ఉండొచ్చని చెప్పింది. మనలో చాలామంది ఈ రెండో మాటే పట్టుకున్నారు. కానీ ఆ కమిటీ ముఖ్యంగా నమ్ముకున్నది పోలీసు రేడియో రికార్డింగ్‌లో నాలుగో తూటా శబ్దం ఉంది, అంటే ఆస్వాల్డ్ పేల్చిన మూడు కాక ఇంకొకరూ కాల్చారన్న విశ్లేషణని. 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నిపుణులు పరిశీలించి, ఆ శబ్దాలు కాల్పులైన సుమారు నిమిషం తర్వాతివని చెప్పారు. ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకే తూటా ఇద్దరికీ తగలాలంటే గాల్లో వంకర తిరగాలని చూపే 'మ్యాజిక్ బుల్లెట్' బొమ్మ షేర్ చేసినవాళ్లకు: అందులో అదే కారులో ఉండి గాయపడ్డ టెక్సస్ గవర్నర్ కానలీని కెన్నెడీకి సరిగ్గా ముందు, అదే ఎత్తులో గీశారు. నిజానికి ఆయన సీటు కాస్త కిందికి, కారు లోపలి వైపుకి ఉంది. అది సరిచేస్తే తూటా వంకర తిరగాల్సిన పనే లేదు.

అలాగని అనుమానించేవాళ్లను పిచ్చివాళ్లనడం నాకు అస్సలు నచ్చలేదు. రెండు రోజులకే, పోలీసుల మధ్యలో ఉండగానే ఆస్వాల్డ్‌ను జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ యజమాని కాల్చి చంపేశాడు, కోర్టులో విచారణే జరగలేదు, పైగా క్యూబా నేత కాస్ట్రోను చంపించడానికి తాను పన్నిన పథకాలను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వారెన్ కమిషన్‌కు చెప్పనే లేదు. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నా మటుకు కాల్చింది ఆస్వాల్డే. వెనక ఇంకెవరో ఉన్నారనేవాళ్లు పేరూ ఆధారమూ రెండూ పెట్టండి, ఒక్కో పాయింట్ తీసుకుని మాట్లాడుకుందాం.