మన గుడిలో చిన్నపిల్లల సంక్రాంతి: మీ విరాళం కావాలి

ఊళ్లో ఉన్నవాళ్లకీ, ఉద్యోగాల కోసం హైదరాబాదూ అమెరికా వెళ్లిన మనవాళ్లకీ రామాలయం కమిటీ నమస్కారాలు.

వచ్చే ధనుర్మాసంలో గుడి మండపంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటలతో సంక్రాంతి నేర్పుదామని అనుకున్నాం. అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలు, ఇంకా బడిలో వేయని పిల్లలు, పండక్కి అమ్మమ్మగారింటికి వచ్చేవాళ్లు, అందరూ రావచ్చు. ఫీజు లేదు.

చుట్టూ వరిచేలే ఉన్నా, కోత మిషన్ దిగి ఒక్క పూటలో చేను ఖాళీ చేసి, ధాన్యం అటునుంచి అటే లారీ ఎక్కిపోతుంటే, కంకి ఎలా ఉంటుందో, రోజూ తినే అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో ఈ పిల్లలకి చూపించేదెవరు? పంట ఇంటికొచ్చిందని చేసుకునే పండగ ఇది. ఆ వయసు పిల్లలు కూర్చోబెట్టి చెప్తే వినరు, చేతికి ఏదన్నా ఇస్తే వదలరు.

అందుకే గంగాళం నిండా ధాన్యం పోసి అందులో చేతులు పెట్టి ఆడుకోనిస్తాం. పెద్దవాళ్లు గుప్పెడు ధాన్యం రోట్లో దంచి చాటతో చెరిగితే ఊక ఎగిరిపోయి బియ్యం మిగలడం పిల్లలు పక్కనే కూర్చుని చూస్తారు. ముగ్గులు మేం వేస్తాం, రంగులు వాళ్లు నింపుతారు, గీత దాటినా ఎవరూ ఏమీ అనకూడదు. గొబ్బెమ్మలు ఆవుపేడతోనే, ఇష్టపడని పిల్లలకి బంకమట్టి ఉంటుంది, గుమ్మడిపూలూ బంతిపూలూ గుచ్చే పని మాత్రం పూర్తిగా వాళ్లదే. ఇక మాకు అన్నిటికన్నా ఇష్టమైంది వరికంకుల కుచ్చు. పూర్వం పిచ్చుకలు తింటాయని ఇంటి చూరుకీ గుడి మండపానికీ కట్టేవాళ్లు కదా, అది మళ్లీ కట్టాలి. ఆ అల్లిక తెలిసిన తాతలు ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లు వచ్చి కూర్చుంటే పిల్లలు కంకులు ఏరి అందిస్తారు.

ఒకరోజు హరిదాసుగారు వస్తారు, పిల్లలు తలా ఒక గుప్పెడు బియ్యం అక్షయపాత్రలో వేస్తారు. గంగిరెద్దులవాళ్లనీ పిలుస్తున్నాం. వాళ్లకి బట్టలు, బియ్యం, సంభావన మర్యాదగా ఇవ్వాలన్నది కమిటీ మాట, ఖర్చులో పెద్ద భాగం అదే. ఇందులో బేరాలు ఆడం.

భోగిమంటలో పిల్లలు తెచ్చిన పిడకల దండలూ ఎండుకట్టెలే పడాలి, టైర్లూ ప్లాస్టిక్కూ ఎవరూ తేవద్దు. దండలు పెద్దవాళ్లే మంటలో వేస్తారు, పిల్లలు తాడు కట్టిన గీత ఇవతలే నిలబడతారు. సాయంత్రం అందరికీ కలిపి భోగిపళ్లు పోస్తాం: రేగిపళ్లు, చెరుకుముక్కలు, శనగలు, పూలరేకులు, చిల్లర. తల్లులకి ఒక మనవి, రేగిగింజలూ శనగలూ నాణేలూ గొంతులో అడ్డం పడే వయసు ఇది, పోసిన వెంటనే మీరే ఏరుకోండి, పిల్లల చేతికి వదలకండి. కనుమ రోజు ఆవుకీ దూడకీ పసుపు కుంకుమ పెట్టి పచ్చిగడ్డి తినిపించడంతో పూర్తి.

సంభావనలు పోను పరదాలు, రంగులు, పూలు, పిల్లలకి బెల్లం పొంగలి, పాలు, ఇంతే ఖర్చు. నూటపదహార్లు ఇచ్చినా సంతోషమే. డబ్బు గుడి దగ్గర కమిటీవాళ్లకి ఇచ్చి రసీదు తీసుకోండి, దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్లతో పంపించండి. పండగ అయ్యాక ప్రతి రూపాయి లెక్కా గుడి గోడకి అంటిస్తాం. మిగిలితే అంగన్‌వాడీ పిల్లలకి పలకలు, బొమ్మలు కొంటాం. డబ్బే ఇవ్వక్కర్లేదు, బెల్లం, కొత్త బియ్యం, పాత రోలు, చాట, ఒక పూట మీ మనిషి సాయం, ఏదైనా సరే.

రైతులకి ఇంకొక్క మాట. మిషన్‌తో కోస్తే కుచ్చుకి పనికొచ్చే కంకులు మిగలవు. ఇంకా కోయని చేను ఉంటే ఒక మూల నాలుగు పనలు మాకోసం వదిలి, కోతకి రెండు రోజుల ముందు కమిటీలో ఎవరికైనా చెప్పండి, మేమే కొడవళ్లతో వచ్చి కోసుకుంటాం.