సీసం మానేద్దాం, దూరం సంగతి కూడా తేల్చుకుందాం

సంపాదకుడి గారికి,

వేట తుపాకుల్లో సీసం బుల్లెట్ల వాడకంపై మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న లేఖలు చదువుతున్నాను. నిషేధం కావాలనేవాళ్లు రాబందుల గురించి రాస్తున్నారు. వద్దనేవాళ్లు ఖర్చు గురించి, హక్కుల గురించి రాస్తున్నారు. దెబ్బ తినే జింక ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. కాలిఫోర్నియాలో లైసెన్సు, ట్యాగు (ఒక్కో జింకకు ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని జింకల వేటకు వెళ్లేవాడిగా ఆ వైపు నుంచి కొంచెం రాస్తాను. (భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇది ఊహకు కూడా అందని మాట. అమెరికాలో మాత్రం చాలా రాష్ట్రాలు ఎన్ని జింకలను వేటాడవచ్చో లెక్క కట్టి ట్యాగులు ఇస్తాయి.)

సీసం మీద నాకు వాదన లేదు. మెత్తటి లోహం కాబట్టి వేగంగా వెళ్లి ఎముకకు తగిలితే తునాతునకలైపోతుంది. అలా పడిన జింక ఎక్స్‌రే చూస్తే గాయం చుట్టూ మాత్రమే కాదు, జానెడు దూరంలో కూడా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. చాలావరకు ఇసుక రేణువుకన్నా చిన్నవి, పంటికి కూడా తగలవు. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, సీసం బుల్లెట్లతో కొట్టిన 30 జింకలను మాంసం దుకాణాలకిచ్చి మామూలుగానే కోయించి, వచ్చిన కైమా పొట్లాలను ఎక్స్‌రే తీశారు. 24 జింకల మాంసంలో లోహపు తునకలు దొరికాయి. ఆ మాంసం తినిపించిన పందుల రక్తంలో సీసం పెరిగింది. వేటాడినవాడు ఆ కైమాను పక్కింటివాళ్లకూ పంచుతాడు, పిల్లలకూ పెడతాడు. అడవిలో వదిలేసిన పేగుల కుప్ప మీద కాండోర్లు (అక్కడి పెద్ద రాబందులు) వాలతాయి. 1982 నాటికి 22 మాత్రమే మిగిలిన ఆ జాతిని బోనుల్లో పెంచి మళ్లీ అడవిలోకి వదిలితే, ఇవాళ్టికీ వాటిని ఎక్కువగా చంపుతున్నది సీసం విషమే. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి తుపాకీతో చేసే వేట అంతటికీ సీసం లేని తూటాలనే తప్పనిసరి చేసింది. మంచి పనే చేసింది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. సీసం బదులు ఎక్కువగా వాడేది రాగి. రాగి బుల్లెట్ అంటే సీసం బుల్లెట్‌కు లోహం మార్చినది కాదు, దాని తీరే వేరు. సీసం సాంద్రత 11.3 అయితే రాగిది 9 లోపే. అంటే అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. పొడుగు పెరిగేకొద్దీ గాలిలో నిలకడగా వెళ్లడానికి మరింత వేగంగా గిరగిరా తిరగాలి. బుల్లెట్‌ను అలా తిప్పేవి గొట్టం లోపలి మెలిక గాళ్లు. పాత రైఫిల్‌లో ఆ మెలిక నెమ్మదిగా తిరిగేదైతే ఆ బుల్లెట్ తూలుతుంది. గురి సాధన చేసే రేంజిలో కాగితం మీద చూస్తే తెలిసిపోతుంది. గుండ్రటి రంధ్రం పడాల్సిన చోట బుల్లెట్ అడ్డంగా దూరినట్టు కోలగా పడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రాగికి మారేటప్పుడు ఒక మెట్టు తేలిక బరువుకు దిగుతారు. సీసంలో 180 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) వాడినవాళ్లు రాగిలో 150 లేదా 165 వాడతారు. ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లు సీసం బుల్లెట్‌కు వేసే పేలుడు మందు లెక్కను రాగికి వాడకూడదు. పొడుగాటి బుల్లెట్ తూటా డొప్పలో ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు.

అసలు విషయం వేగం. సీసం మెత్తన కాబట్టి కాస్త నెమ్మదించి తగిలినా నలిగి వెడల్పవుతుంది. రాగి గట్టిది. ముక్కులోని బోలు రేకులుగా విచ్చుకోవాలంటే తగిన వేగంతో తగలాలి. మామూలు రాగి బుల్లెట్లకు చాలామంది పెట్టుకునే హద్దు, తగిలే చోట సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగులు. అంతకు తగ్గితే రేకులు విప్పకుండా సూదిలా దూరి అవతలికి పోతుంది. జింక పడదు, పరుగెడుతుంది. నెత్తురు చారలు సన్నగా ఉంటాయి, పొదల్లో మాయమవుతాయి. అది ఎక్కడో గంటల తరబడి చస్తుంది. కాండోర్‌ను కాపాడాలని తెచ్చిన చట్టం ఈ జింకకు ఏం చేసినట్టు?

లెక్క చెబుతాను. 308 రకం తూటా వాడే రైఫిల్‌లో 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ 2,800 అడుగుల వేగంతో బయలుదేరితే 400 గజాల దగ్గర సుమారు 2,000కు, 500 దగ్గర సుమారు 1,800కు దిగిపోతుంది. డబ్బా మీద వేసే వేగాన్ని సాధారణంగా 24 అంగుళాల గొట్టంతో కొలుస్తారు. ఇప్పుడు చాలామంది కొంటున్నవి కురచ గొట్టాలు, అంగుళానికి ఇరవై ముప్పై అడుగుల వేగం పోతుంది. కాబట్టి స్కోప్‌లో జింక ఎంత దగ్గరగా కనిపించినా, గురి ఎంత బాగా కుదిరినా, ఆ తుపాకీకి హద్దు 400 గజాల దగ్గరే ఎక్కడో ఉంది. ఇనుప పలకను 700 గజాల నుంచి మోగించగలను అనేవాడి గురిని నేను కాదనను. పలకకు ఊపిరితిత్తులు ఉండవు.

తక్కువ వేగంలోనూ విచ్చుకునేలా, ముక్కు బోలును పెద్దది చేసి దూరపు వేటకోసమే తయారుచేసిన రాగి బుల్లెట్లు వచ్చాయి. అవి నిజంగా మెరుగైనవే. కానీ ఒక్కో రకానికి ఒక్కో హద్దు. కంపెనీని అడిగితే చెబుతుంది, కొన్ని తమ కేటలాగుల్లోనూ వేస్తాయి. దుకాణంలో చేతికొచ్చే డబ్బా మీద మాత్రం చాలావరకు ఉండదు. ఉండేది గొట్టం నుంచి బయటికొచ్చేటప్పటి వేగం, ఒక కొమ్ముల దుప్పి బొమ్మ.

ఖర్చు సంగతి ఒక్క మాట. రాగి తూటాలు ప్రియమే, నిజం. అయితే ఏడాదికి జింక మీద పేల్చేవి ఒకటో రెండో. సాధనకు రేంజిలో చౌక రకం వాడుకోవచ్చు, వేటకు ముందు రాగితో గురి మళ్లీ సరిచూసుకుంటే చాలు. రెండూ ఒకే చోట తగలవు.

డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి వేట రైఫిళ్లలోనూ సీసాన్ని నిషేధించింది. మిగతా చోట్లా చట్టాలు వస్తాయి, రావాలి కూడా. వచ్చేటప్పుడు రెండు వాక్యాలు అదనంగా చేర్చమని అడుగుతున్నాను. వేట కోసం అమ్మే ప్రతి తూటా డబ్బా మీదా ఆ బుల్లెట్ విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం అంకెల్లో ముద్రించాలి. లైసెన్సుకు ముందు వేటగాళ్లకు చెప్పే పాఠంలో, తన తుపాకీ ఆ వేగాన్ని ఎన్ని గజాల దాకా నిలుపుతుందో ప్రతివాడిచేతా లెక్క కట్టించాలి. ఫోన్‌లో బుల్లెట్ వేగాన్ని లెక్కించే బాలిస్టిక్ యాప్‌తో అది ఐదు నిమిషాల పని. ఈ సీజన్‌కు ఎలాగూ ఆ చట్టం రాదు కాబట్టి, రాగికి మారుతున్నవాళ్లు డబ్బా కొనేముందు కంపెనీకి ఫోన్ చేసి ఆ అంకె అడిగి, హద్దు గజాలను చీటీ మీద రాసి తుపాకీ బట్‌కు (భుజానికి ఆనించే భాగానికి) అంటించుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాలిఫోర్నియా