నాకు పని చూపించిన వాళ్లకి కృతజ్ఞతలు

అందరికీ నమస్తే. గుంటూరులో ఎండు మిరపకాయల్ని, కారాన్ని పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ట్రెయినీ కెమిస్టుగా చేరాను. మొన్న మొదటి జీతం కూడా పడింది. చేరిన రోజే ఈ పోస్టు పెడదామనుకున్నాను గానీ, "జీతం పడేదాకా ఊరంతా చాటకు" అని అమ్మ ఆపింది. ఇప్పుడు అమ్మ పర్మిషన్ వచ్చింది.

నేను కృతజ్ఞతలు చెప్పుకోవాల్సిన వాళ్లలో చాలామంది పేర్లు రాయొద్దన్నారు. అందుకని వరసలతోనే చెప్తాను. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

నాది బీఎస్సీ కెమిస్ట్రీ. గుంటూరులో బీఎస్సీ పూర్తయిన అమ్మాయికి సలహాలకేం కొదవ ఉండదు. బీఈడీ చేసి డీఎస్సీ రాయమన్నవాళ్లు, పీజీసెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేయమన్నవాళ్లు, బ్యాంకు కోచింగ్‌లో చేరమన్నవాళ్లు. మా పెదనాన్న అయితే అమీర్‌పేటలో హాస్టల్ కూడా చూసి పెట్టారు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సంట. ఎవరి సలహానీ తప్పుపట్టడం లేదు. మా క్లాసులో బీఈడీకి వెళ్లినవాళ్లు హాయిగా ఉన్నారు. నాకున్న చిక్కల్లా ఒకటే. ఆ ఉద్యోగంలో చేరితే పొద్దున తొమ్మిదింటికి వెళ్లి కూర్చున్నాక చేసే పనేంటి అంటే ఎవరూ చెప్పేవాళ్లు కాదు. జీతం చెప్పేవాళ్లు, సెలవులు చెప్పేవాళ్లు, పెళ్లి సంబంధాల్లో దానికున్న విలువ కూడా చెప్పేవాళ్లు. ఈ పోస్టులో నేను దణ్ణం పెట్టుకుంటున్న వాళ్లు మాత్రం పని గురించి చెప్పినవాళ్లు, చూపించినవాళ్లు.

ముందుగా మా పక్కింటి బాబాయికి. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. మా ఇల్లు చుట్టుగుంటలోనే అయినా యార్డు లోపల ఏం జరుగుతుందో నాకు బొత్తిగా తెలియదు. మేడ మీద బట్టలారేస్తూ, "ఒక్కసారి యార్డు చూడొచ్చా బాబాయ్" అని మాటవరసకి అడిగాను. "రేపే రామ్మా. తడి తువ్వాలు తెచ్చుకో, మాస్కులు ఆగవు అక్కడ" అన్నారు. ఫిబ్రవరి, మంచి సీజను. తుమ్ములతోనే లోపలికి వెళ్లాను.

ఎర్రగా కొండల్లా ఉంటాయని అందరూ ఫొటోల్లో చూసేదే, అది వదిలేస్తాను. బాబాయి నాకు చూపించింది వేరే. ఒకే ఊరి నుంచి వచ్చిన రెండు లాట్లు, రెండూ తేజ రకమే. ఒక దానికి మంచి రేటు వచ్చింది, రెండో దానికి బాగా తగ్గింది. ఎందుకు అని అడిగాను. రెండో టిక్కీ, అంటే మిర్చి బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, చెవి దగ్గర ఆడించి, విరిచి నా చేతిలో పెట్టారు. లోపల గింజ చుట్టూ నల్లగా బూజు. పైకి కాయ నిగనిగలాడుతోంది. కల్లంలో సరిగ్గా ఎండకుండా సంచికెత్తినా, కాయ విరక్కుండా ఉండటానికి నీళ్లు చల్లి తొక్కినా లోపల ఇలా అవుతుందట. ఆ తర్వాత ఆయనన్న మాట నా చెవిలో ఉండిపోయింది: "కంటితో చూసేది ఇంతవరకేనమ్మా. దీంట్లో విషం ఎంతుందో ల్యాబోళ్లు చెప్పాల."

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. బూజులో ఆస్పర్‌జిల్లస్ అనే జాతి తయారుచేస్తుంది. డిగ్రీలో దాని పేరు ఎక్కడో ఒక పేరాలో చదివి, రెండు మార్కుల ప్రశ్నగా వదిలేశాం. అది మా ఇంటి వెనక ఉన్న యార్డులో ఒక రైతు రేటుని తగ్గిస్తోందని నాకేం తెలుసు. యూరప్‌కి వెళ్లే మిర్చిలో బీ1 అనే రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. దాటితే కంటెయినరు కంటెయినరూ ఆగిపోతుంది. బాబాయికి ఈ అంకెలు తెలియవు, నేను తర్వాత చదువుకున్నవి. కానీ ఆ రోజు ఆయన పని మానుకుని మధ్యాహ్నం దాకా నా ప్రశ్నలకి జవాబులు చెప్పకపోతే చదివేదాన్నే కాదు. యజమాని దగ్గర మాట పడ్డారని పిన్ని తర్వాత చెప్పింది. బాబాయ్, ఈ పోస్టు మీ ఫోన్‌లో పిన్ని చదివి వినిపిస్తుందని తెలుసు. మీకు శతకోటి నమస్కారాలు.

తర్వాత మా కాలేజీ సీనియర్ అక్క. నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. నేను పనిచేసేది తన ల్యాబ్‌లో కాదు, రికమండేషన్ అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను. ఫ్రెండ్ ద్వారా నంబరు తీసుకుని మెసేజ్ పెడితే, "రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ చెయ్యి, అన్నీ చెప్తాను, నచ్చనివి కూడా" అంది. నచ్చనివే ముందు చెప్పింది. రోజంతా పెద్ద మెషీన్ల ముందు తెల్లకోటేసుకుని నిలబడతామనుకోవద్దని, మొదటి ఆరునెలలు గ్లాస్‌వేర్ కడగడం, శాంపిళ్లు గ్రైండ్ చేయడం, రిజిస్టర్లు నింపడమేనని. గ్రైండింగ్ రూమ్‌లో ముక్కు, కళ్లు మండుతాయని. సీజన్లో శాంపిళ్లు కుప్పలు పడితే ఇంటికెళ్లే టైము ఉండదని. ఫ్రెషర్‌కి జీతం ఎంతో అసలు అంకె చెప్పింది. మా నాన్నకి చెప్తే, "ఇంత ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఉందంటే అక్కడికి పంపడానికి నాకు భయం లేదు" అన్నాడు.

అక్క నేర్పిందంతా రాస్తే వేరే పోస్టు అవుతుంది. కొంచెం మాత్రం చెప్తాను, బీఎస్సీ చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుంది. మిర్చికి రంగు వేరు, ఘాటు వేరు, రెండిటికీ వేర్వేరు పరీక్షలు. బ్యాడిగి కాయకి రంగెక్కువ, కారం తక్కువ. తేజకి కారం ఎక్కువ. రంగు చూడటానికి పొడిని ఎసిటోన్‌లో వేసి, రాత్రంతా చీకట్లో ఉంచి, మర్నాడు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, అంటే ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుంటుందో కొలిచే మెషీన్‌లో, 460 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఆ అంకెని ఆస్టా విలువ అంటారు. ఘాటుకి హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాల్ని విడదీసి కొలిచే మెషీన్‌లో క్యాప్సైసిన్ (కారానికి మంట తెచ్చే పదార్థం) కొలిచి, దాన్ని ఘాటు కొలిచే స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. ఇవి కాక కల్తీ రంగుల పరీక్ష. 2003లో యూరప్‌లో మన కారంలో సుడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు దొరికి గొడవ అయ్యాక, ఎగుమతయ్యే మిర్చికి పరీక్షని స్పైసెస్ బోర్డు తప్పనిసరి చేసింది. "ఆ రూల్ లేకపోతే మన జీతాల్లేవు" అని అక్క జోకు. స్పైసెస్ బోర్డుకి గుంటూరులోనే ల్యాబ్ ఉందని, అక్కడ ట్రెయినీలకి నోటిఫికేషన్లు పడుతుంటాయని, వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండమని కూడా తనే చెప్పింది. టుబాకో బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరే అని నాకు ఇరవై ఒకటో ఏట తెలిసింది. ఊళ్లో ఉన్నవి తెలుసుకోకుండా హైదరాబాద్ బస్సు టైములు మాత్రం బట్టీపట్టాం మేమంతా.

ఇక మా కెమిస్ట్రీ మేడమ్. డిగ్రీ అయిపోయాక కాలేజీకి మనం పరాయివాళ్లమే, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న కూడా ఐడీ కార్డు అడుగుతాడు. నేను వెళ్లి, "స్పెక్ట్రోఫోటోమీటర్ మీద చెయ్యి తిరగాలి మేడమ్, కాసేపు ఇస్తారా" అని అడిగితే, ప్రిన్సిపల్ గారి దగ్గరకి తానే వెళ్లి ఒప్పించారు. సెలవుల్లో ల్యాబ్ తెరిపించారు. మా ఇంట్లో వాడే కారమే తెచ్చుకోమన్నారు. బజారులో కొన్న రెండు రకాలు, అమ్మమ్మ పట్టించిన కారం, అన్నీ వరసగా చేశాను. డైల్యూషన్ లెక్క తప్పితే చెప్పేవారు కాదు, "మళ్లీ చూసుకో" అని టీ తాగడానికి వెళ్లేవారు. తిరిగి వచ్చేసరికి తప్పు దొరికేది. అమ్మమ్మ కారం రంగులో గెలిచిందని ఇంట్లో చెప్తే ఆవిడ ఆ సాయంత్రమంతా వీధిలో చెప్పుకుంది.

మేడమ్‌తో పాటు ల్యాబ్ అటెండర్ అన్నయ్యకి కూడా. ఆయన లేకపోతే తాళం తెరుచుకునేదే కాదు. పిపెట్లు ఎలా కడిగితే లోపల చుక్క నిలవదో నాకు నేర్పింది ఆయనే. మూడేళ్ల ప్రాక్టికల్స్‌లో కడగడం అటెండరు పని అనుకునే బయటికొచ్చేశాం. ఇప్పుడు మా ల్యాబ్‌లో నా గ్లాస్‌వేర్ చూసి, "ఎక్కడ నేర్చుకున్నావ్" అని అడుగుతున్నారన్నయ్యా.

బ్రాడీపేటలో నెట్ సెంటర్ అన్నకి. రెజ్యూమె ప్రింటు తీసుకుందామని వెళ్తే, పైనుంచి కిందకి చదివి, "ఈ పైనున్న నాలుగు లైన్లు రోజూ యాభై మందికి ప్రింటు తీస్తున్నానమ్మా, అందరివీ ఇవే" అన్నారు. ఆ లైన్లు తీయించి, కాలేజీలో చేసిన కారం పరీక్షల గురించి అక్కడ పెట్టించారు. ఇంటర్వ్యూలో సార్ మొదట అడిగింది సరిగ్గా దాని గురించే.

మధ్యలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి, ఫార్మా కంపెనీలో ఉద్యోగం ఖాయమని, ముందు డిపాజిట్ కట్టాలని అన్నారు. నాన్న పట్నంబజారులో టైలరు, ఎక్కడో అప్పు తెచ్చి కట్టేసేవాడే. నాన్న దగ్గర బట్టలు కుట్టించుకునే బ్యాంకు అంకుల్ ఆపారు. ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి తానే ఫోన్ చేసి కనుక్కుంటే, అలాంటి ఖాళీయే లేదని తేలింది. అంకుల్, ఆ డబ్బు మిగిలింది మీ వల్లే.

ఇంటర్వ్యూ సంగతి అడుగుతున్నారు చాలామంది. రెండు ప్రశ్నలు గుర్తున్నాయి. మొదటిది, "తేమ చూడాలంటే ఓవెన్‌లో పెట్టి, తగ్గిన బరువు చూస్తే సరిపోదా?" అని. మసాలా దినుసుల్లో నీటితో పాటు ఆవిరయ్యే నూనెలు కూడా ఉంటాయి, ఓవెన్‌లో అవీ పోతాయి, ఆ బరువు కూడా తేమ ఖాతాలో పడుతుంది, అందుకని టోలీన్ అనే ద్రావకంతో మరిగించి నీటిని విడిగా పట్టి కొలుస్తారని చెప్పాను. మేడమ్ పుణ్యమా అని అలా నీటిని పట్టే డీన్ స్టార్క్ గొట్టాన్ని చేత్తో పట్టుకుని చేసి ఉన్నాను కాబట్టి గొంతు వణకలేదు. రెండోది, "రిపోర్టు బాగా రావాలని శాంపిల్ ఇచ్చిన పార్టీ ఫోన్ చేస్తే ఏం చేస్తావ్?" ఇది అక్క ముందే చెప్పిన ప్రశ్న. కానీ నేను అక్క చెప్పిన జవాబు చెప్పలేదు. యార్డులో బాబాయి విరిచిన కాయ గురించి చెప్పాను. సార్ ఏమీ అనలేదు, ఎప్పుడు చేరగలవని అడిగారు.

అమ్మకీ నాన్నకీ థాంక్స్ అంటే ఇంట్లో నవ్వుతారు, అయినా రాస్తున్నాను. ఎవరింటికి వెళ్లినా "అమ్మాయికి ఏమైనా వచ్చిందా" అనే ప్రశ్న వాళ్లకి ఎదురయ్యేది. ఆ ప్రశ్నని వాళ్లు గుమ్మం బయటే వదిలి లోపలికి వచ్చేవాళ్లు. నాకు టెన్షన్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే అది నేనే. పెదనాన్నా, మీకు కూడా థాంక్స్. అమీర్‌పేట హాస్టల్ అడ్వాన్సు పోయిందని మీరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది నా రెండో జీతంలోంచి ఇస్తాను, వద్దనకండి.

మేడమ్‌కి మొదటి జీతంతో చీర కొందామని వెళ్తే ససేమిరా అన్నారు. ల్యాబ్‌లో డీన్ స్టార్క్ రిసీవర్ జూనియర్లు పగలగొట్టారట, అంతగా ఉంటే అది కొనిపెట్టమన్నారు. ఆర్డర్ పెట్టాను మేడమ్, వచ్చే వారం అందుతుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నవాళ్లకి ఈ పని గురించి ఏం అడగాలన్నా మెసేజ్ పెట్టండి. జీతం ఎంతో కూడా చెప్తాను. ఆదివారాలైతే తీరిగ్గా మాట్లాడొచ్చు. యార్డు చూడాలనుకునేవాళ్లు మాత్రం సీజన్ అయిపోకముందే చెప్పండి, మేలో వేసవి సెలవులిచ్చేస్తారు. బాబాయిని నేను అడుగుతాను. తడి తువ్వాలు మీరే తెచ్చుకోవాలి.