మర్నాడు పొద్దున అమ్మ చెప్పాల్సిన మాట

సంపాదకులకు నమస్కారం.

భర్త చేతిలో దెబ్బలు తినే ఆడమనిషికి మన ఊళ్లలో దాదాపు అందరూ చెప్పే మాట ఒకటుంది, "పిల్లల మొహం చూసి సర్దుకుపో" అని. ఆ ఇంట్లో పెరిగే పిల్లలతో ఏం మాట్లాడాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పరు. గృహహింస కేసుల్లో తల్లులతో, పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లం కాబట్టి ఆ సంగతి రాస్తున్నాం. కొట్టేవాడి తప్పును అమ్మ మెడకు చుట్టడం మా ఉద్దేశం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 80 శాతం పైనే ఉన్నారు. ఈ నమ్మకం పిల్లలకు అమ్మ మాటల్లోంచి కూడా చేరుతుంది. "ఆకలితో వచ్చాడు, వంట ఆలస్యమైంది, అందుకే చెయ్యి చేసుకున్నాడు" అని అమ్మ సర్దిచెబితే, వంట ఆలస్యమైతే కొట్టొచ్చని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆలస్యం చేస్తే దెబ్బలు పడతాయని ఆడపిల్ల నేర్చుకుంటుంది.

గొడవ జరిగిన రాత్రి పిల్లలు నిద్రపోయారని పెద్దలు అనుకుంటారు. చాలాసార్లు దుప్పట్లో మెలకువగానే ఉంటారు. తెల్లారాక అమ్మ చెప్పాల్సినవి మూడే ముక్కలు: రాత్రి జరిగింది నువ్వు విన్నావని నాకు తెలుసు, అది నీ వల్ల జరగలేదు, ఆపడం నీ పని కాదు. కూర్చోబెట్టి పెద్దగా చెప్పక్కర్లేదు, జడ వేస్తూ చెప్పినా చాలు. చెప్పకపోతే పిల్లలు కారణం తామే వెతుక్కుంటారు. ఆరేడేళ్ల వయసులో వాళ్లకు తోచే కారణం తామే: నేను మార్కులు తక్కువ తెచ్చుకున్నాను కాబట్టి, నేను అల్లరి చేశాను కాబట్టి. "ఏం లేదు, బాత్రూంలో జారిపడ్డా" అంటే ఇంకో నష్టం. తన కళ్లను, చెవులను తనే నమ్మడం మానేసిన పిల్ల, రేపు తనకు ఏదైనా జరిగినా వచ్చి చెప్పదు.

"నీ కోసమే ఈ ఇంట్లో పడున్నా" అన్న మాట ఎంత ప్రేమతో అన్నా పిల్లల నెత్తిన అప్పులా కూర్చుంటుంది. మగపిల్లాడు ఎదురు చెప్పినప్పుడల్లా "అచ్చం మీ నాన్నవే" అనడం అంతకన్నా చెడ్డది. వాడు తప్పించుకోవాలనుకునే పోలికనే వాడికి అంటగట్టినట్టవుతుంది. అలాగని నాన్నను రాక్షసుణ్ణి చేసి చూపక్కర్లేదు. "నాన్న మీద నీకు ఇష్టం ఉంటే తప్పు లేదు, కొట్టడం మాత్రం తప్పు" అని రెండూ కలిపి చెప్పాలి. "కోపిష్టి గానీ మనసు వెన్న" అని ఊరుకుంటే, ప్రేమించేవాడు కొట్టడం మామూలేనని ఆడపిల్ల మనసులో పాతుకుపోతుంది.

ఇంకో కష్టమైన విషయం. నాన్న చూస్తే పిల్లల్ని ఎక్కువ కొడతాడని, ముందే తానే రెండు తగిలించే తల్లులున్నారు. భయంతో చేసే పనే, కానీ పిల్లలకు ఇక వెళ్లి దాక్కోవడానికి ఒడి ఉండదు. చెయ్యి జారిన రోజున "నేను చేసింది తప్పు" అని అదే రోజు చెప్పేయాలి. ఆ ఇంట్లో పిల్లలు వినే క్షమాపణ అదొక్కటే కావచ్చు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల తాగుడు లాంటి ఇబ్బందులు ఎన్నో కమ్ముకున్న పిల్లల్లోనూ మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లకు దొరికిన ముఖ్యమైన ఆసరా, నమ్మదగ్గ పెద్దమనిషి ఒకరు దగ్గరుండటం. అది అమ్మే కానక్కర్లేదు. అమ్మమ్మో, మేనత్తో, క్లాస్ టీచరో కావచ్చు. అందుకే టీచర్‌కు విషయం కొంతైనా చెప్పి ఉంచమంటాం.

గొడవ మొదలైతే ఏం చేయాలో పగలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు పిల్లలతో సాధన చేయించాలి. వంటింట్లోకి వెళ్లకూడదు, కత్తిపీట, కాగే నూనె అక్కడే ఉంటాయి. బాత్రూంలో దాక్కుంటే బయటపడే దారి ఒక్కటే. అమ్మకూ నాన్నకూ మధ్యకు రాకూడదు. పన్నెండేళ్లు దాటిన మగపిల్లలు అడ్డుపడి గాయపడతారు, వాళ్లకు ఈ మాట పదేపదే చెప్పాలి. పక్కింట్లో ఒకరితో ముందే మాట్లాడుకుని ఒక గుర్తు పెట్టుకోవాలి. "అమ్మ పెరుగు తోడు అడిగింది" అని బిడ్డ వచ్చి అంటే వాళ్లు లోపలికి తీసుకుని అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తారు. ఐదేళ్ల బిడ్డకు ఈ ఒక్కటీ నేర్పితే చాలు. పదేళ్లు వచ్చినవాళ్లకు 112తో పాటు ఇంటి చిరునామా కూడా నోటికి రావాలి.

జనన ధ్రువపత్రాలు, ఆధార్, టీకాల కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్లు పుట్టింట్లోనో, నమ్మకమైన మరోచోటో ఉంచాలి. ఫోన్‌లో దాస్తే ఆయన చూసే ప్రమాదముంది. "పిల్లల్ని తీసుకుని పోతా" అని గొడవలో బెదిరించకూడదు, వెళ్లిపోయే సమయమే అన్నిటికన్నా ప్రమాదకరం. టీసీ ఇవ్వరేమోనన్న భయంతో ఆగిపోయే తల్లులు ఎందరో. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు.

ఇల్లు వదలడం తప్పనిసరి కూడా కాదు. గృహహింస చట్టం 2005 కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, ఖర్చులు అడగొచ్చు. తండ్రి బడి దగ్గరకు రాకుండా ఉత్తర్వు కూడా కోరవచ్చు. ఈ చట్టం కింద నియమించిన జిల్లా రక్షణాధికారి లేదా హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రం దరఖాస్తు రాయించి పెడతారు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా కేసులు సాగుతాయి, కాబట్టి మొదటి రోజే 23వ సెక్షన్ కింద, తీర్పు వచ్చేదాకా రక్షణనిచ్చే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. పెద్దమనుషుల పంచాయితీలో పిల్లను నిలబెట్టి "నువ్వు చెప్పమ్మా, తప్పెవరిది" అని అడగడం దయచేసి మానండి.

ఏడేళ్లొచ్చాక మళ్లీ పక్క తడపడం, బడి వేళకు కడుపునొప్పి, చెల్లెల్ని నాన్న తిట్లతోనే తిట్టడం లాంటి గుర్తులు, పిల్లలు లోలోపల నలుగుతున్నారని చెప్పేవి, అందరి కంటా పడతాయి. అతి బుద్ధిగా, ఏమీ అడగకుండా ఉండే పిల్ల ఎవరికీ కనబడదు. ఆమె గురించీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కో ఫోన్ చేయొచ్చు. తల్లులకు మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఈ నంబర్లు జిల్లా పేజీల్లో రోజూ వేయండి. ఇలాంటి ఇంట్లో ఘోరం జరిగినప్పుడు పిల్లల ఫొటోలు, పేర్లు, బడి పేరు వేయకండి. నేరానికి బాధితులైన, సాక్షులైన పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. తండ్రి పేరు, ఊరు వేసినా ఆ బిడ్డ ఎవరో బడి అంతటికీ తెలిసిపోతుంది.

గృహహింస బాధితులతో పనిచేసే కౌన్సెలర్ల బృందం